తెల్ల డేగ పతకం, వైమార్ సంస్థానం, గోథే సర్వీసు: తరచుగా అడిగే ప్రశ్నలు

జర్మన్ కవి గోథే పేరు తెలుగువాళ్లకు చాలావరకు శాకుంతలం పుణ్యమా అని తెలుసు. కాళిదాసు నాటకానికి 1791లో జర్మన్ అనువాదం వస్తే చదివి మురిసిపోయి పద్యం చెప్పిన మహానుభావుడు. ఆయన జీవితంలో ఎక్కువ భాగం ఒక చిన్న సంస్థానంలో ప్రభుత్వోద్యోగి అని చెబితే మాత్రం చాలామంది తెల్లబోతారు. ఆ ఉద్యోగం చుట్టూ, ఆయన కోటు మీది నక్షత్రం చుట్టూ నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి.

తెల్ల డేగ పతకం అంటే ఏమిటి?

జర్మనీ నడిమధ్యన ఉండిన సాక్స్-వైమార్ సంస్థానం ఇచ్చిన గౌరవాల్లో అన్నిటికంటే పెద్దది. అసలు పేరులో ‘జాగరూకత’ అనే మాట కూడా ఉంది, వాడుకలో మాత్రం తెల్ల డేగ ఆర్డర్ అనే అంటారు. ఇక్కడ ఆర్డర్ అంటే ఆజ్ఞ కాదు. రాజు పెద్దగా కూర్చుని, తనకు నచ్చిన మనుషుల్ని ఏరి చేర్చుకునే ఒక బృందం. కోటు మీదనో మెడలోనో పెట్టుకునే పతకం ఆ బృందంలో సభ్యత్వానికి గుర్తు. మన పరుగు పందెం మెడల్ లాగా గెలిచి ఇంటికి తెచ్చుకునేది కాదు. ‘నువ్వు నావాడివి’ అని ప్రభువు నలుగురి ముందూ చెప్పడం. ఈ తేడా మనసులో పెట్టుకుంటే కింద చెప్పబోయే సగం సంగతులు వాటంతట అవే అర్థమవుతాయి.

1732లో పుట్టింది, తర్వాత మూలపడింది, 1815లో మళ్లీ లేచింది, 1918లో రాజ్యంతో పాటు ప్రభుత్వ పతకంగా దాని కథ ముగిసింది.

వైమార్ అంటే ఎంత పెద్ద రాజ్యం?

గోథే అక్కడ అడుగుపెట్టిన 1775లో వైమార్ ఊరి జనాభా దాదాపు 6,000. సంస్థానం మొత్తం కలిపినా లక్షకు కాస్త పైన. వనపర్తి, గద్వాల సంస్థానాల కథలు పెద్దల నోట విన్నవాళ్లకు ఊహించుకోవడం తేలిక: ఒక కోట, గుర్రపు సాల, గ్రంథాలయం, ఉద్యానవనం, వాటన్నిటి మీదా అప్పులు. అప్పటి జర్మనీ ఇప్పటిలాగా ఒకే దేశం కాదు, ఇలాంటి వందల ముక్కలు కలిపి కుట్టిన బొంత. ఋగ్వేదాన్ని అచ్చు వేయించిన మాక్స్ ముల్లర్ పుట్టిన దెస్సావ్ కూడా ఇలాంటి మరో డ్యూకుగారి రాజధానే. ఆయన తండ్రి అక్కడ గ్రంథాలయాధికారి.

చిన్న రాజ్యంలో ఒక ఇబ్బంది ఉంది. ఖజానాలో డబ్బుండదు, కానీ మర్యాదలు మాత్రం పెద్ద రాజులతో సమానంగా జరగాలి. జీతం పెంచలేని చోట ఎనామెల్ పూసిన శిలువ చాలా పని చేస్తుంది. వినడానికి మోటుగా ఉన్నా, పతకాల చరిత్రలో చాలా భాగం ఇదే లెక్క అని నా అభిప్రాయం.

దీన్ని మొదలుపెట్టింది ఎవరు?

డ్యూక్ ఎర్నెస్ట్ ఆగస్ట్. 1732 ఆగస్టు 2న స్థాపించాడు. ఆయన గురించి రెండు ముక్కలు చెప్పకపోతే అన్యాయం. వేట పిచ్చి, భవనాల పిచ్చి, సైన్యం పిచ్చి మూడూ ఉన్నాయి. వైమార్ శివార్లలోని బెల్వెడేర్ ప్యాలెస్ ఆయన కట్టించిందే. సంస్థానం తాహతుకు మించి సిపాయిల్ని పెట్టుకుని అప్పుల పాలయ్యాడు.

ఆయన పేరు చెబితే నాకు ముందు గుర్తొచ్చేది మాత్రం పళ్లేల ఫర్మానా. 1742 డిసెంబర్ 24న ఒక ఉత్తర్వు జారీ చేశాడు: ప్రతి ఊళ్లోనూ ఒకసారి అన్నం తిన్న చెక్క పళ్లేలు తీసుకోవాలి, కృష్ణపక్షంలో శుక్రవారం పదకొండు, పన్నెండు గంటల మధ్య కొత్త సిరాతో వాటి మీద కొన్ని అక్షరాలు రాయాలి, ఊళ్లో నిప్పంటుకున్నప్పుడు దేవుడి పేరు చెప్పి వాటిని మంటల్లోకి విసరాలి. మంట తగ్గకపోతే మళ్లీ విసరాలి. ఇది ప్రభుత్వ ఉత్తర్వు, చాదస్తపు తాత చెప్పిన చిట్కా కాదు. ఆ ఉత్తర్వుకు నకళ్లు రాసి ఊరూరికీ పంపిన గుమాస్తాల మొహాలు ఎలా ఉండి ఉంటాయో అని నవ్వుకుంటూ ఉంటాను.

డేగే ఎందుకు?

డేగ నిద్రపోదన్నట్టు కనిపిస్తుంది, పైనుంచి అన్నీ చూస్తుంది. పతకం మీది లాటిన్ మాట ‘విగిలాండో అసెండిముస్’. మెలకువగా ఉండే పైకి వెళ్తాం అని అర్థం. అప్పట్లో జర్మన్ సంస్థానాధీశులందరి పైనా వియన్నాలో చక్రవర్తి ఉండేవాడు, ఆయన గుర్తు గరుడపక్షి. 1732లో ఆ సింహాసనం మీద ఆరో చార్లెస్ ఉన్నాడు. గరుడపక్షి వెనకాలే నమ్మకంగా ఎగిరే డేగను నేను అని డ్యూకు పెద్దాయనకు సైగ చేస్తున్నాడన్నమాట. అంటే స్థాపించిన మనిషికి కూడా ఇది పైవాడి పట్ల విధేయత చూపే సాధనమే. కింద ఉద్యోగి డ్యూకుకు మొక్కాలి, డ్యూకు చక్రవర్తికి మొక్కాలి.

ఆ కాలంలో సంస్థానంలో ఉద్యోగం అంటే ఎలా ఉండేది?

దీనికి జవాబు చెప్పడానికి సంగీతకారుడు బాఖ్‌ను పిలవాలి. యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1708లో వైమార్ ఆస్థానంలో చేరాడు, 1714లో కన్సర్ట్‌మాస్టర్, అంటే వాద్యబృందం పెద్ద, అయ్యాడు. పెద్ద సంగీతాధికారి పోస్టు ఖాళీ అయినప్పుడు అది తనకే వస్తుందనుకున్నాడు. డ్యూకు దాన్ని పాత అధికారి కొడుక్కి ఇచ్చాడు. (ఈ మాట చదవగానే ఎవరికి ఏ ఆఫీసు గుర్తొచ్చిందో నేను అడగను.) బాఖ్ పక్కనున్న కోథెన్ సంస్థానంలో ఉద్యోగం చూసుకుని, నన్ను వదిలేయండి మహాప్రభో అని పదేపదే అడిగాడు. ఆ పట్టుదల నచ్చక డ్యూక్ విల్హెల్మ్ ఎర్నెస్ట్ ఆయన్ని 1717 నవంబర్ 6న లాకప్‌లో పెట్టించాడు. డిసెంబర్ 2 వరకు లోపలే. చివరికి ఏమాత్రం గౌరవం లేకుండా ఉద్యోగం నుంచి తీసేసి పంపాడు.

ఈ డ్యూకు, పైన చెప్పిన ఎర్నెస్ట్ ఆగస్ట్‌కి పెదనాన్న వరస. అంటే తెల్ల డేగ పుట్టడానికి పదిహేనేళ్ల ముందు అదే ఊళ్లో రాజీనామా ఇస్తానన్నందుకు జైలు. ఉద్యోగి కాలం, చోటు, చివరికి వెళ్లిపోయే హక్కు కూడా ప్రభువు చేతిలోనే.

మధ్యలో మూలపడిందన్నారు, మళ్లీ ఎలా లేచింది?

ఎర్నెస్ట్ ఆగస్ట్ 1748లో పోయాడు. కొత్తవాళ్లను చేర్చుకోవడం ఆగిపోయి, పాత సభ్యులు ఒక్కొక్కరే పోతూ ఆర్డర్ పేరుకే మిగిలింది. ఆయన మనవడు కార్ల్ ఆగస్ట్ 1815 అక్టోబర్ 18న దాన్ని బతికించాడు. తేదీ ఊరికే ఎంచలేదు. సరిగ్గా రెండేళ్ల ముందు అదే రోజున లైప్‌జిగ్ దగ్గర నెపోలియన్ ఓడాడు. ఆ 1815లోనే యూరప్ రాజ్యాలు కలిసి కూర్చున్న వియన్నా కాంగ్రెస్ సభలో కార్ల్ ఆగస్ట్‌కి గ్రాండ్ డ్యూక్ హోదా వచ్చింది, భూమీ పెరిగింది. బోర్డు మారినప్పుడు లోపలి సామాను కూడా మార్చాలి కదా. పాత ఆర్డర్‌లో వంశం, హోదా ప్రధానం. కొత్తదాంట్లో చేసిన సేవకు చోటు దొరికింది.

చూడటానికి ఎలా ఉంటుంది?

ఎనిమిది మొనల ఆకుపచ్చ ఎనామెల్ శిలువ, దాని మీద రెక్కలు విప్పిన తెల్ల డేగ, బంగారు ముక్కు. శిలువ చేతుల సందుల్లో ఎర్రటి మొనలు తొంగిచూస్తాయి. వెనక వైపు ఆకుపచ్చ ఉండదు, తెలుపు. అక్కడ నీలం మీద లాటిన్ మాట ఉంటుంది. పైన కిరీటం. రిబ్బన్ నిగనిగలాడే ఎరుపు. ఇన్ని రంగులు ఒకేచోట పెడితే మన తిరనాళ్ల బొమ్మలా ఉండాలి గానీ, చేతిపని మంచిది కావడంతో కంటికి ఇంపుగానే ఉంటుంది. పెద్ద తరగతి వాళ్లకు భుజం మీదుగా వేసే పట్టీ, ఛాతీ మీద నక్షత్రం అదనం.

ఇన్నేళ్ల సర్వీసు నిండితే ఆటోమేటిగ్గా వచ్చేదా?

రాదు. ఇది చాలామంది పొరబడే చోటు. ఇరవై అయిదేళ్లు, నలభై ఏళ్లు అని లెక్క కట్టి ఇచ్చే సర్వీసు మెడల్ కాదిది. మొదట గ్రాండ్ క్రాస్, కమాండర్, నైట్ అని మూడు తరగతులు. 1840లో నైట్ తరగతిని రెండుగా చీల్చారు, ఆ తర్వాత కమాండర్‌నీ చీల్చారు. కింది ఉద్యోగుల కోసం వెండి మెరిట్ క్రాస్ చేర్చారు. మనిషి ఏ కుర్చీలో ఉన్నాడో దాన్నిబట్టి ఏ తరగతి పతకమో తేలేది. మంత్రికి గ్రాండ్ క్రాస్, చిన్న అధికారికి నైట్.

అయితే ఆచరణలో సర్వీసు కాలం లెక్కలోకి రాకుండా పోదు. పెద్ద కుర్చీ చేరడానికే ముప్పై ఏళ్లు పట్టే చోట, పెద్ద పతకం వచ్చేసరికి జుట్టు నెరిసిపోయి ఉండేది. తరగతులు ఇలా పెరుగుతూ పోవడం చూస్తే నాకు మన ప్రమోషన్ ఛానళ్లు గుర్తొస్తాయి. ఉన్న మెట్లు సరిపోవు, అందుకని మెట్టుకీ మెట్టుకీ మధ్య ఇంకో మెట్టు.

బయటివాళ్లకూ ఇచ్చేవారు. పిల్లల కథల ఆండర్సన్‌కు, పియానో విద్వాంసుడు లిస్ట్‌కు ఈ డేగ దక్కింది. వైమార్‌కు పేరు తెచ్చేవాళ్లు, తెస్తారనుకున్నవాళ్లు కూడా సంస్థానం మనుషులే అన్న లెక్క.

గోథే నిజంగా ఆఫీసు పని చేశాడా, లేక పేరుకేనా?

నిజంగానే చేశాడు. చేసిన పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

1775లో పద్దెనిమిదేళ్లు నిండి గద్దెనెక్కిన కార్ల్ ఆగస్ట్ ఆయన్ని పిలిపించాడు. గోథేకి అప్పుడు ఇరవై ఆరు. 1776 జూన్‌లో రహస్య మంత్రాంగ సభలో సభ్యుడిగా వేశారు, జీతం ఏడాదికి 1,200 థాలర్లు (అప్పటి వెండి నాణేలు). సభ పెద్ద ఫ్రిచ్ ఎన్నో ఏళ్లుగా సంస్థానాన్ని మోస్తున్న మనిషి. ‘ఈ కుర్రాడు కూర్చునే సభలో నేను కూర్చోను’ అన్న ధోరణిలో రాజీనామాకు సిద్ధపడ్డాడు. డ్యూకు తల్లి అన్నా అమాలియా నచ్చజెప్పి ఆపింది. నాకైతే ఫ్రిచ్ మీద సానుభూతే. వరసలో ముందున్నవాణ్ని దాటించి రాజుగారి స్నేహితుణ్ని కూర్చోబెడితే ఏ సీనియర్‌కి మండదు?

కానీ కుర్రాడు పని దొంగ కాదు. ఇల్మెనావ్‌లో పాడుబడ్డ రాగి, వెండి గనిని తెరిపించే బాధ్యత ఆయనదే. 1784లో తెరిచారు, పన్నెండేళ్ల తర్వాత నీళ్లు ముంచెత్తి అదంతా నష్టంలో తేలింది. 1779 నుంచి రోడ్లూ, సైన్యం వ్యవహారాలూ చూశాడు. సిపాయిల భర్తీ దగ్గర కూర్చున్నాడు, సైన్యం ఖర్చు కోయించాడు. తాత పెంచిన పిచ్చిని మనవడి కాలంలో ఒక కవి తగ్గించాడని చెప్పుకోవచ్చు. 1782లో ఖజానా కూడా నెత్తిన పడింది. తర్వాత గ్రంథాలయం, యేనా విశ్వవిద్యాలయపు సంస్థలు, ఇరవై ఆరేళ్లు ఆస్థాన రంగశాల. 1815 నాటికి రాష్ట్ర మంత్రి.

ఖాతాల గురించి ఒక కథ చెప్పుకుంటారు. 1816 రాజ్యాంగం తర్వాత వైమార్‌కు చట్టసభ వచ్చింది. గోథే చూసే శాఖ లెక్కలు చూపించమని ఆ సభ అడిగింది. చాలా రోజులు నానబెట్టి ఒక కాగితం పంపాడట: వచ్చింది ఇంత, ఖర్చయింది ఇంత, మిగిలింది ఇంత. అంతే. మంత్రి అయినా కవి కవే. మన ఆడిట్ వాళ్ల చేతిలో పడి ఉంటే తెలిసేది.

బాఖ్‌కు జైలు, మరి గోథేకు సెలవు దొరికేదా?

దొరికింది, అదీ మామూలుగా కాదు. 1786 సెప్టెంబర్ 3న తెల్లవారుజామున మూడింటికి, కార్ల్స్‌బాడ్ అనే స్నానాల ఊళ్లో తనతో ఉన్న స్నేహితులకు చెప్పా పెట్టకుండా బండెక్కి ఇటలీ వెళ్లిపోయాడు. డ్యూకుకు ముందు రోజు ఒక ఉత్తరం రాశాడు. గడువు లేని సెలవు కావాలన్నాడు, ఎక్కడికో చెప్పలేదు. తిరిగొచ్చింది 1788 జూన్‌లో. దాదాపు రెండేళ్లూ జీతం ఆగలేదు.

అదే ఊరు, అదే వంశం, డెబ్బై ఏళ్ల తేడా. కార్ల్ ఆగస్ట్ మంచితనం ఇందులో చాలా ఉంది. కాకపోతే ఒకటి గమనించండి: రూలు మారలేదు, ప్రభువు మనసు మారింది. ఎక్కడికెళ్లినా జీతం పంపించే ప్రభువును వదిలి గోథే ఇంకెక్కడికి పోగలడు? ఆ తర్వాత నలభై నాలుగేళ్లు, చనిపోయేదాకా ఆయన వైమార్ మనిషే.

గోథేకు తెల్ల డేగ ఎప్పుడు వచ్చింది?

1816 జనవరి 30న. డ్యూకు భార్య లూయిజె పుట్టినరోజు అది. పునరుద్ధరించిన ఆర్డర్‌కు మొదటి పెద్ద వేడుక ఆ రోజే జరిగింది. గోథే గ్రాండ్ క్రాస్ అందుకుని, సభలో ప్రసంగం కూడా ఆయనే చేశాడు.

ఇంకో ముచ్చట. ఆ ఏడాది సెప్టెంబర్ 27న ఆయన సహచర మంత్రి వోయ్‌క్ట్‌కి సర్వీసులో యాభై ఏళ్ల పండుగ. గోథే ఆయన కోసం పద్యం రాసిచ్చాడు. రిటైర్మెంట్ సభలో తోటి ఉద్యోగి చదివే పద్యాలు మనకు కొత్త కాదు, రాసినవాడు గోథే కావడమే విశేషం.

గ్రాండ్ క్రాస్ వచ్చాక ఇక ఎదురులేదనుకుంటే పొరపాటు. 1817 ఏప్రిల్‌లో, శిక్షణ పొందిన పూడిల్ కుక్క నటించే నాటకాన్ని తన రంగశాల మీద వేయనివ్వనని గోథే భీష్మించాడు. డ్యూకుకు ప్రియురాలైన నటి కరోలిన్ యాగెమాన్ ఆ పక్షాన నిలబడింది. నాటకం ఆడింది, గోథేను రంగశాల బాధ్యత నుంచి తప్పించారు. ఛాతీ మీద డేగ ఉండి కూడా కుక్క చేతిలో ఓడిపోయాడు.

వేరే రాజు ఇచ్చిన పతకం పెట్టుకోవచ్చా?

నా దృష్టిలో ఈ పేజీ మొత్తానికి అసలు ప్రశ్న ఇదే. సొంత ప్రభువు ఒప్పుకుంటేనే పెట్టుకోవాలి. పతకం అంటే ‘నావాడివి’ అనడం కదా, ఇంకొకరు వచ్చి నీ మనిషిని ‘నావాడు’ అంటే ఊరుకుంటారా?

1806లో యేనా దగ్గర నెపోలియన్ ప్రష్యాను చిత్తు చేశాడు, వైమార్ ఆయన పక్షంలో చేరక తప్పలేదు. 1808 అక్టోబర్‌లో ఎర్ఫుర్ట్‌లో గోథేను పిలిపించుకుని మాట్లాడాడు, కొన్ని రోజులకే లీజియన్ ఆఫ్ ఆనర్ శిలువ పంపాడు. గోథే దాన్ని గర్వంగా పెట్టుకున్నాడు. 1813లో లైప్‌జిగ్ యుద్ధం తర్వాత ఆస్ట్రియా సేనాని కొలొరెడో గోథే ఇంట్లో బస చేశాడు. ఇంటాయన ఫ్రెంచి పతకంతోనే ఎదురొచ్చేసరికి సేనాని ఛీ కొట్టాడని చెబుతారు. ఒక చక్రవర్తి ఒక యుద్ధం ఓడిపోయాడని ఆయనిచ్చిన పతకాన్ని విప్పేయడం ఎలా కుదురుతుందని గోథే బాధపడ్డాడు. రాజకీయంగా అమాయకం, మనిషిగా నిజాయితీ. 1815లో ఆస్ట్రియా వాళ్లే లియోపోల్డ్ ఆర్డర్ ఇచ్చారు, మరుసటి ఏడాది సొంత ప్రభువు డేగ. కోటు మీద గొడవ అలా సద్దుమణిగింది.

1827 ఆగస్టు 28 సంగతి ఇంకా బాగుంటుంది. గోథే డెబ్బై ఎనిమిదో పుట్టినరోజు. బవేరియా రాజు మొదటి లూడ్విగ్ స్వయంగా ఆయన ఇంటికి వచ్చి తన రాజ్యపు గ్రాండ్ క్రాస్ చేతికిచ్చాడు. పక్కనే కార్ల్ ఆగస్ట్ నిలబడి ఉన్నాడు. ముసలాయన ఆయన వైపు తిరిగి, నా ప్రభువు అనుమతిస్తే తీసుకుంటాను అన్నాడట. కార్ల్ ఆగస్ట్‌కి నవ్వొచ్చి, ఒరే ముసలాడా, వెర్రి వేషాలు వేయకు అన్న అర్థం వచ్చేలా కసిరాడని చెబుతారు. యాభై ఏళ్ల స్నేహం, ఒరే అనుకునేంత చనువు. అయినా గోథే పర్మిషన్ అడిగాడు. అలవాటో, చమత్కారమో, రెండూనో!

గోథే యాభై ఏళ్ల సర్వీసు పండుగకు ఏం ఇచ్చారు?

తెల్ల డేగ అప్పటికే ఉంది కాబట్టి ఒక బంగారు మెడల్ ప్రత్యేకంగా చేయించారు. 1825 నవంబర్ 7న పండుగ. సర్వీసు రిజిస్టరు చూసిన అనుభవం ఉన్నవాళ్లు ఇక్కడ వెంటనే పట్టుకుంటారు: ఉద్యోగంలో వేసింది 1776 జూన్‌లో అయితే 1825 నవంబర్‌కి యాభై ఎలా నిండుతాయి? నిండవు. 1775 నవంబర్ 7 గోథే వైమార్ చేరిన రోజు. ఊళ్లో అడుగుపెట్టిన రోజే ఉద్యోగంలో చేరినట్టు కార్ల్ ఆగస్ట్ లెక్క వేయించాడు. చేరిన తేదీని వెనక్కి జరిపించుకోవాలని తిరిగి తిరిగి అలిసినవాళ్లు ఎవరైనా ఉంటే, గ్రాండ్ డ్యూకు ఫ్రెండైతే అది ఎంత తేలికో చూడండి.

మెడల్ బెర్లిన్ శిల్పి బ్రాండ్ చేశాడు. ఒక వైపు కార్ల్ ఆగస్ట్, లూయిజె దంపతులు, రెండో వైపు గోథే తల. ఉద్యోగి బొమ్మను ప్రభువు బొమ్మ ఉన్న మెడల్ మీదే వేయడం అప్పటికి చాలా పెద్ద మాట. గోథే స్వయంగా పాత మెడళ్లు సేకరించే మనిషి కాబట్టి చేతిలో పట్టుకోగానే దాని విలువ ఆయనకు తెలిసి ఉంటుంది.

ఆ రోజు గ్రాండ్ డ్యూకు రాసిన ఉత్తరంలో ఆయన్ని తన మొదటి ప్రభుత్వ సేవకుడు, యవ్వనపు స్నేహితుడు అన్నాడు. యేనా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్లు వచ్చాయి. నగర సభ ఆయన మగ సంతానానికి వంశపారంపర్యంగా వైమార్ పౌరసత్వం ఇచ్చింది. రాత్రి రంగశాలలో ఆయన నాటకమే వేశారు. ఆ రంగశాల పాతది ఆ మార్చిలో కాలిపోయింది, సెప్టెంబర్ నాటికి కొత్తది లేచింది. కాలుతున్నప్పుడు ఎవరూ చెక్క పళ్లేలు విసరలేదనుకుంటాను.

ఆ పతకం పెట్టుకున్న గోథే ఎలా కనిపించేవాడు?

1826లో వియన్నా నుంచి నాటకకర్త గ్రిల్‌పార్ట్‌సర్ చూడటానికి వెళ్లాడు. నల్ల దుస్తులు, ఛాతీ మీద నక్షత్రం, బిగుసుకున్న నిలువెత్తు మనిషి, దర్శనం ఇచ్చే రాజులా గదిలోకి వచ్చాడు. గ్రిల్‌పార్ట్‌సర్ గుండె జారిపోయింది. తర్వాత భోజనానికి పిలిచినప్పుడు అదే గోథే చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్తే, ఆ అతిథి ఏడ్చేశాడు. తమాషా ఏమిటంటే గ్రిల్‌పార్ట్‌సర్ కూడా ప్రభుత్వోద్యోగే. నక్షత్రం ముందు నిలబడ్డ గుమాస్తా భయం కూడా ఆ మొదటి రోజు వణుకులో కొంత ఉండి ఉండాలి.

ఇప్పుడు అసలు పతకాలు కొనుక్కోవచ్చా?

వేలంపాటల్లో అప్పుడప్పుడూ వస్తాయి. జర్మన్ సంస్థానాల ఆర్డర్లలో సాధారణంగా సభ్యుడు చనిపోతే కుటుంబం పతకాన్ని తిరిగి ఒప్పజెప్పాలి, పై తరగతికి వెళ్తే కింది తరగతిది వెనక్కి ఇవ్వాలి. అందువల్ల పాతకాలపువి ఇళ్లలో ఎక్కువ మిగల్లేదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటివి బంగారం కాదు, బంగారు నీరు పోసిన వెండి. నకిలీలూ చాలానే ఉన్నాయి. ఎనామెల్ మీద ఒక్క పగులూ లేకుండా, ధర చవగ్గా ఉంటే కొనడానికి ముందు తెలిసినవాళ్లకు చూపించండి.

1918 తర్వాత ఏమైంది?

1918 నవంబర్ 9న చివరి గ్రాండ్ డ్యూక్ విల్హెల్మ్ ఎర్నెస్ట్ గద్దె దిగాడు. (బాఖ్‌ను లోపలేసిన డ్యూకు పేరే ఈయనదీ, కాకతాళీయం.) డేగ ఆ కుటుంబం సొంత గౌరవంగా మిగిలింది, రాజ్యంతో దానికి సంబంధం పోయింది.

తర్వాతి మలుపు ఆ ఊళ్లోనే వచ్చింది. 1919లో కొత్త జర్మనీ రాజ్యాంగ సభ వైమార్‌లో, గోథే నడిపిన ఆస్థాన రంగశాలకు వారసురాలైన జాతీయ నాటకశాలలో కూర్చుంది. ఆ రాజ్యాంగం 109వ అధికరణం ప్రభుత్వం ఆర్డర్లు, గౌరవ చిహ్నాలు ఇవ్వకూడదంది. ఏ జర్మనూ విదేశీ ప్రభుత్వం నుంచి బిరుదు గానీ ఆర్డర్ గానీ తీసుకోకూడదని కూడా అంది. అంటే 1827లో గోథే వేసిన ప్రశ్నకు జవాబు అక్కడ చట్టంగా వచ్చింది: అనుమతి ఇచ్చే ప్రభువే లేడు, కాబట్టి అసలు వద్దు.

అంత పకడ్బందీగా కాకపోయినా మన రాజ్యాంగంలోని 18వ అధికరణం కూడా బిరుదుల విషయంలో ఇదే దారిలో నడుస్తుంది.

గోథే ఇల్లు ఇప్పుడుందా? వంశస్థులు?

ఉంది. వైమార్‌లో ఫ్రావెన్‌ప్లాన్ అనే చోట, ఇప్పుడది మ్యూజియం. వంశం మాత్రం లేదు. మనవడు వాల్టర్ 1885లో పిల్లలు లేకుండా పోయాడు, ఇంటినీ సేకరణలనూ ప్రభుత్వానికి రాసిచ్చాడు. మగ సంతానానికి తరతరాలకూ అని నగర సభ ఇచ్చిన పౌరసత్వం అరవై ఏళ్లు నడిచింది.